సేఫ్టీ రేజరు, సబ్బు, నీరు: క్రొత్తగా గడ్డము గీచుకొనువారికి

హైస్కూలు చదువు ముగియు వయస్సునకు మగపిల్లల ముఖమున నూనూగు మీసము వచ్చును. కొన్నాళ్ళకు గడ్డము కూడ కనిపించును. అప్పుడు సాధారణముగా జరుగునది ఏమనగా, కుర్రవాడు ఇంటిలో ఎవరును లేని సమయము చూచి తండ్రిగారి రేజరు తీయును. స్నానపు సబ్బు ముఖమునకు రుద్దుకొని, అద్దము ముందు నిలిచి గబగబ నాలుగు గీతలు గీయును. రెండు చోట్ల నెత్తురు వచ్చును. మరునాడు మెడమీద ఎఱ్ఱని పొక్కులు లేచును. ఈ పని నేర్పు పాఠము ఏ పుస్తకములోను లేదు. పెద్దలను అడుగుటకు బిడియము. కాని ఇందులో ఉన్నదంతయు మీరు తరగతిలో చదువుకొన్న భౌతిక, రసాయన శాస్త్రములే.

ఒక చిన్న చిక్కుతో ప్రారంభింతము. విజయవాడలో హాస్టలులో ఉండి చదువుకొనుచున్న ఒక విద్యార్థిని ఊహించుకొనుడు. అతడు సేఫ్టీ రేజరు వాడుట బాగుగనే నేర్చుకొన్నాడు. సెలవులకు నాగాయలంక వైపున, సముద్రతీరమునకు దగ్గరనున్న తన ఊరికి వెళ్ళినాడు. అదే రేజరు, అదే రకపు క్రొత్త బ్లేడు, అదే సబ్బు, అదే చేయి. అయినను ఆ ఉదయము సబ్బు నురుగు కట్టినట్లే కట్టి, చూచుచుండగానే విరిగిపోయినది. బ్లేడు చర్మమును పీకినది. ముఖము మండినది. పరికరములలో ఏదియు మారలేదు కదా, మరి మారినది ఏమి? పరికరములను ఒక్కొక్కటిగా పరిశీలించుచు పోయినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. ఏవి కొనవలెనో, ఏవి కొన నక్కరలేదో కూడ తెలియును.

కోయవలసిన వస్తువు

కత్తిని ఎన్నుకొనుటకు ముందు, దానితో దేనిని కోయవలెనో తెలిసికొనవలెను. వెంట్రుక కెరటిన్ అను ప్రోటీనుతో ఏర్పడినది. మన గోళ్ళు, పశువుల కొమ్ములు కూడ ఈ పదార్థముతో ఏర్పడినవే. గడ్డపు వెంట్రుక మందము సుమారు 0.1 మిల్లీమీటరు. ఒక దినములో అది సుమారు 0.4 మిల్లీమీటరు పెరుగును. ఎండిన వెంట్రుక ఆ మందమునకు మిక్కిలి గట్టిది.

నీటిలో నానినచో ఆ వెంట్రుకయే మారిపోవును. అది తన బరువులో దాదాపు మూడవ వంతు నీటిని పీల్చుకొని, నూటికి 15 వంతులవరకు లావెక్కును. పొడవు మాత్రము నూటికి రెండు వంతులకు మించి పెరుగదు. వెంట్రుకలోని కెరటిన్ పోగులను ప్రక్కప్రక్కల పట్టియుంచు హైడ్రోజను బంధములలో కొన్ని, నీటి అణువులు లోనికి చొచ్చుకొనిపోవుటవలన విడిపోవును. అందువలన వెంట్రుక మెత్తబడును. ఎండు తాటాకును వంచినచో పగులును. నానవేసిన తాటాకును చాపగా అల్లవచ్చును. ఇదియు అట్టిదే.

నానుటకు రెండు మూడు నిమిషములు చాలును. అయితే ముఖముమీది జిడ్డు నీటిని అడ్డగించును. కాబట్టి ముందు సబ్బుతో ముఖము కడుగుకొని, తరువాత నీటితో తడుపవలెను. స్నానము చేసిన వెంటనే గీచుకొనుట ఇంకను మేలు. ఈ మొదటి మెట్టునకు ఒక్క పైసా ఖర్చు లేదు. దీనిని విడిచినచో తక్కినవాటికి ఎంత ఖర్చు పెట్టినను ఫలితము తక్కువ.

రేజరు

పూర్వము గడ్డము గీయుట మడత కత్తితో జరిగెడిది. ఆ కత్తి చర్మమును ఏ కోణములో తాకవలెనన్నది పూర్తిగా క్షురకుని చేతి నేర్పుమీద ఆధారపడియుండెడిది. ఆ నేర్పునకు ఏండ్ల అభ్యాసము కావలెను. సామాన్యుడు తన గడ్డమును తానే గీచుకొనవలెనన్నచో, ఆ నేర్పులో కొంత భాగమును పరికరమునకే అప్పగింపవలెను. సేఫ్టీ రేజరు చేసినది ఈ పనియే. 1880లో అమెరికాలో కాంఫ్ సోదరులు కత్తి ముందు ఒక అడ్డుకడ్డీ నమర్చి పేటెంటు పొందిరి. కాని దాని కత్తిని మాటిమాటికి నూరుకొనవలసి యుండెడిది.

కింగ్ క్యాంప్ జిల్లెట్ అను అమెరికను 1855లో జన్మించెను. విజయవాడవద్ద కృష్ణపై పాత ఆనకట్ట పూర్తియైనదియు ఆ సంవత్సరముననే. పలుచని ఉక్కు రేకుతో బ్లేడు చేసి, మొండి కాగానే పారవేసి, క్రొత్తది వేసికొనవచ్చునన్న ఆలోచన 1895లో ఆయనకు కలిగెను. అంత పలుచని రేకునకు పదును పెట్టుట సాధ్యము కాదని ఉక్కు నిపుణులు చెప్పిరి. విలియం నికర్సన్ అను ఇంజనీరు ఆ చిక్కును పరిష్కరించెను. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి సంవత్సరము రేజర్ల అమ్మకము 90,000 వరకు పెరిగెను. మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా సైనికుల జేబులలోనికి చేరి, వారితో ఈ పరికరము దేశదేశములకు వ్యాపించెను.

దీని నిర్మాణము తేలిక. పైన ఒక మూత, అడుగున ఒక పలక, రెంటి నడుమ బ్లేడు, క్రింద పిడి. పిడిని బిగించినప్పుడు మూత బ్లేడును కొంచెము వంచును. ఇందులో ఒక చిన్న రహస్యము కలదు. పోస్టుకార్డును ఒక చివర పట్టుకొన్నచో రెండవ చివర వ్రేలాడును. దానిని కొంచెము దోనెవలె వంచి పట్టుకొన్నచో నిటారుగా నిలుచును. పలుచని బ్లేడును వంచుటవలన దానికి ఆ బిగువు వచ్చును. కోయునపుడు అది అదరదు. అడుగు పలక అంచున ఉన్న కడ్డీ బ్లేడుకంటె ముందు నడచుచు చర్మమును అణచును. అందుచే బ్లేడు వాదర వెంట్రుకను తాకును గాని చర్మములోనికి దిగజాలదు.

క్రొత్తవాడు దుకాణములో చూడవలసినవి నాలుగు.

మొదటిది, వాదర ఎంతమేరకు బయటికి పొడుచుకొనియున్నది, కడ్డీకిని వాదరకును నడుమ ఎంత సందు ఉన్నది అనునవి. ఇవి తక్కువగా ఉన్నచో రేజరు మృదువుగా పనిచేయును. అంచు దువ్వెన పళ్ళవలె ఉన్న రేజర్లు దట్టముగా పెరిగిన గడ్డమునకు ఉద్దేశింపబడినవి. నూనూగు గడ్డమునకు తిన్నని కడ్డీ ఉన్నదియే తగును. సందును తగ్గించి పెంచుకొనుటకు చక్రము గల రేజర్లు తొలిదినములలో అనవసరము.

రెండవది, విడదీయు పద్ధతి. మూత, పలక, పిడి మూడును విడిగా వచ్చు రేజరులో చెడిపోవుటకు కదిలెడు భాగములు లేవు, కడుగుట సులభము. పిడి చివర త్రిప్పగానే తలుపులవలె తెరచుకొను రేజరులో బ్లేడు మార్చుట సుళువే, కాని దాని లోపల సబ్బు తెట్టును, బోరు నీటి సున్నమును పేరుకొనును.

మూడవది, బరువు. 60 మొదలు 100 గ్రాములవరకు ఉన్న రేజరు మంచిది. రేజరును ముఖమున కదుముటకు దాని బరువే చాలును; చేతితో నొక్కరాదు. ఒత్తిడి అనగా బలమును వైశాల్యముచే భాగించగా వచ్చునది. వాదర వెడల్పు మిల్లీమీటరులో పదివేల వంతుల లెక్కలో ఉండును. కాబట్టి చేతితో కొంచెము నొక్కినను ఒత్తిడి విపరీతముగా పెరుగును. తొలిదినము తెగిన గాయములలో అధిక భాగము ఈ నొక్కుటవలన కలిగినవే.

నాలుగవది, లోహము. తక్కువ ధర రేజర్లు పెక్కు జింకు మిశ్రలోహమున పోతపోసి, పైన క్రోమియము పూత వేసినవి. పూత పగిలినచోట జింకు తినివేయబడును. ఉప్పునీటి ఊళ్ళలో ఇది ఇంకను త్వరగా జరుగును. ఇత్తడిపై పూత వేసినదియు, స్టెయిన్‌లెస్ స్టీలుదియు చాలకాలము మన్నును. జింకు రేజరు కొన్నను తప్పులేదు. వాడిన పిదప మంచినీటితో కడిగి, విదిలించి, ఆరబెట్టవలెను.

బ్లేడు

రెండంచుల బ్లేడుకు ఒక గొప్ప సౌలభ్యము కలదు. దాని కొలతలు లోకమంతట ఒక్కటే. ఏ కంపెనీ బ్లేడైనను ఏ కంపెనీ రేజరులోనైనను ఇముడును. కార్ట్రిడ్జి రేజరు కొన్నవాడు ఆ కంపెనీ కార్ట్రిడ్జినే ఎల్లప్పుడును కొనవలసియుండును. సేఫ్టీ రేజరునకు ఆ నిర్బంధము లేదు. బ్లేడు ధరయు తక్కువ.

బ్లేడు మందము 0.1 మిల్లీమీటరు, అనగా రమారమి వెంట్రుక మందమే. ఉక్కులో నూటికి సుమారు 13 వంతుల క్రోమియము, ఒక వంతుకంటె తక్కువ కర్బనము ఉండును. త్రుప్పు పట్టని ఉక్కును 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ తయారుచేసెను. దానితో చేసిన బ్లేడులు 1960 దశకపు తొలి సంవత్సరములలో విరివిగా ప్రచారములోనికి వచ్చినవి. వాదరపై టెఫ్లాను జాతి పదార్థముతో మిక్కిలి పలుచని పూత వేయుదురు. దోసె అంటుకొనని పెనములమీద ఉండునది ఈ జాతి పూతయే. ఇది ఘర్షణను తగ్గించును. కావున బ్లేడును తువాలుతో తుడువరాదు. కడిగి ఆరనిచ్చిన చాలును.

ఉక్కు వెంట్రుకకంటె సుమారు 50 రెట్లు కఠినమైనది. అట్లయినచో మెత్తని వెంట్రుకను కోసి ఉక్కు ఎట్లు మొండి అగుచున్నది? అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు, రోసియోలీ మొదలైనవారు, 2020లో ఈ ప్రశ్నకు జవాబు ప్రకటించిరి. వారు సూక్ష్మదర్శినిలో చూడగా, వాదర అరిగి గుండ్రబడుటకంటె ముందు అచ్చటచ్చట పెచ్చులు లేచిపోవుట కనిపించెను. ఉక్కు నిర్మాణము వాదర పొడవునను ఒకేరీతిగా ఉండదు. వెంట్రుక కత్తికి లొంగక ప్రక్కకు వంగినప్పుడు, ఆ బలము బలహీనమైన చోట కేంద్రీకృతమై చిన్న పెచ్చు ఎగిరిపోవును. 

క్రొత్తవాడు ఏ బ్లేడు కొనవలెను? మిక్కిలి వాడియైన బ్లేడులు చేయి కుదిరిన తరువాత వాడదగినవి. అట్లని మొండి బ్లేడు సురక్షితమని భావింపరాదు. మొండిది వెంట్రుకను కోయక పీకును, అప్పుడు చేయి తెలియకుండగనే నొక్కును. రెండు మూడు రకముల చిన్న పాకెట్లు కొని చూచుట మంచిది. అందరి చర్మమునకు ఒకే బ్లేడు సరిపడదు. ఒక బ్లేడు సాధారణముగా నాలుగైదు పర్యాయములు వచ్చును. పీకినట్లు తోచగానే మార్చవలెను.

ఇచ్చట ప్రయోగశాల నియమము ఒకటి పాటింపవలెను. ఒక పర్యాయము ఒక్కటే మార్చవలెను. బ్లేడు, సబ్బు, రేజరు మూడును ఒకే దినమున మార్చినచో, మంట దేనివలన కలిగినదో ఎవరును చెప్పలేరు. వారమునకు ఒక మార్పు చేసి, నోటుపుస్తకములో వ్రాసికొన్నచో నెల తిరుగకముందే తనకు తగినది ఏదో తెలియును.

నీరును సబ్బును

ఇప్పుడు మన విద్యార్థి చిక్కునకు వత్తము. అతని విషయములో మారినది నీరు.

విజయవాడ నగరమునకు సరఫరా అగు నీటిలో అధిక భాగము కృష్ణానదిది. ప్రకాశం బ్యారేజి 1957లో పాత ఆనకట్ట స్థానమును పొందినది. దాని ఎగువనుండి కాలువలు డెల్టాలోనికి సాగిపోవుచున్నవి. ఈ పారునీటితో పోల్చినచో తీరప్రాంతపు భూగర్భజలము వేరు జాతిది. డెల్టా నేల నది తెచ్చి పోసిన ఒండ్రు. సముద్రమునకు చేరువైన కొలదియు ఆ ఒండ్రు పొరలలో ఉప్పు ఎక్కువ. అందువలన పెక్కు గ్రామములలో బోరు నీరు ఉప్పన. అందుచేతనే కాలువ నీటితో మంచినీళ్ళ చెరువును నింపి, వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఆ నీటిని వాడుకొను ఏర్పాటు డెల్టా గ్రామములలో ఏర్పడినది.

బోరు నీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి, నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారును. ఇదియే కఠినజలము. కాల్షియము కార్బొనేటు లెక్కన లీటరునకు 180 మిల్లీగ్రాములు మించిన నీటిని మిక్కిలి కఠినమైనదిగా పరిగణింతురు. త్రాగునీటికి భారత ప్రమాణములు 200 మిల్లీగ్రాములను అంగీకార పరిమితిగాను, వేరు నీరు దొరకనిచోట 600 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగాను నిర్ణయించినవి.

ఒక చిన్న లెక్క చూతము. కాఠిన్యము 300 మిల్లీగ్రాములున్న నీరు ఒక లీటరు సుమారు 1.8 గ్రాముల సబ్బును తెట్టుగా మార్చివేయును. 15 లీటర్ల స్నానపు బకెట్టు మొత్తము దాదాపు 27 గ్రాములను మ్రింగగలదు. కాని గడ్డమునకు నురుగు చేయుటకు పట్టు నీరు 30 మిల్లీలీటర్లకు మించదు. అది మ్రింగు సబ్బు 0.055 గ్రాము మాత్రమే. మనము ఒక గ్రాము సబ్బు వాడినచో దానిలో ఇది 18వ వంతు. అనగా నష్టము సబ్బు ఖర్చులో లేదు. తెట్టు రేణువులు నురుగు బుడగల పొరలను చీల్చివేయుటయే నష్టము.

తీరపు నీటిలో మరియొక శత్రువు కూడ కలదు. అది మామూలు ఉప్పు. సబ్బు కర్మాగారములలో ద్రావణమునుండి సబ్బును వేరుచేయుటకు ఉప్పు కలుపుదురు. అప్పుడు సబ్బు కరగియుండలేక పైకి తేలును. ఉప్పునీటితో నురుగు చేయబూనుట అనగా ఈ పనినే మగ్గులో చేయుట. నీటిని మరిగించినచో బైకార్బొనేట్లవలన కలిగిన కాఠిన్యము పోవును గాని, ఉప్పును, క్లోరైడు సల్ఫేటులవలన కలిగిన కాఠిన్యమును పోవు.

ఉపాయము కష్టమైనదేమియు కాదు. కావలసిన మృదుజలము ఒక గ్లాసు మాత్రమే. వాననీరు శ్రేష్ఠము. లేనిచో త్రాగుటకు తెచ్చుకొన్న మంచినీటిలో ఒక గ్లాసు తీసికొని, దానితో బ్రష్షును తడిపి నురుగు చేయవలెను. ముఖము కడుగుట, రేజరును జాడించుట బోరు నీటితో చేసినను బాధలేదు. చివర మంచినీటితో ఒక్కసారి కడుగుకొన్నచో తెట్టు చర్మముపై నిలువదు.

సబ్బులలోను భేదములు కలవు. స్నానపు సబ్బు ముఖ్యముగా సోడియము సబ్బు. దాని బుడగలు పెద్దవి; నీరు త్వరగా కారిపోయి నురుగు ఎండును. గడ్డపు సబ్బులలోను, క్రీములలోను స్టియరిక్ ఆమ్లముతో చేసిన పొటాషియము సబ్బు ఉండును. అది నీటిలో ఎక్కువగా కరగును. దాని బుడగలు సన్నవి, నీటిని చాలసేపు పట్టియుంచును. నురుగునకు పని రెండు: వెంట్రుకను తడిగా ఉంచుట, బ్లేడును జారనిచ్చుట. క్రొత్తవానికి గట్టి సబ్బుకంటె క్రీము సులువు. బాదము గింజంత చాలును. ఉప్పునీటి ఊరిలో కొబ్బరినూనె పాలు హెచ్చుగా ఉన్నది మేలు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లపు గొలుసులో 12 కర్బన పరమాణువులే ఉండును, స్టియరిక్ ఆమ్లములో 18. పొట్టి గొలుసు సబ్బు ఉప్పునీటిలో కూడ కొంత కరగును. పూర్వము ఓడలలో సముద్రపు నీటితో స్నానము చేయుటకు నావికులు కొబ్బరినూనె సబ్బును వాడెడివారు.

బ్రష్షు

చేతితో కూడ నురుగు పూయవచ్చును. అయితే బ్రష్షు వెంట్రుకలను లేవనెత్తి, నీటిని వాటి మొదళ్ళవరకు చేర్చును. పంది వెంట్రుకల బ్రష్షును వాడుటకు ముందు రెండు మూడు నిమిషములు నానబెట్టవలెను; క్రొత్తదానికి కొంత వాసన కూడ ఉండును. కృత్రిమపు పోగుల బ్రష్షుకు నానుడు అక్కరలేదు, తక్కువ సబ్బుతోనే నురుగు వచ్చును, త్వరగా ఆరును. గాలిలో చెమ్మ ఎక్కువగానుండు మన డెల్టాలో త్వరగా ఆరుట ముఖ్యమైన గుణము. తడి బ్రష్షుకు బూజు పట్టును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండు, అమెరికా దేశములలో సరిగా శుద్ధిచేయని గుఱ్ఱపు వెంట్రుకల బ్రష్షులవలన ఆంథ్రాక్సు, అనగా పశువులకు వచ్చు దొమ్మ వ్యాధి, మనుష్యులకు సోకినది. కొందరు మరణించిరి. కావున కృత్రిమపు పోగుల బ్రష్షు కొనుట క్రొత్తవానికి అన్ని విధముల మంచిది.

గీచు విధానము

ముందుగా ముఖముపై వేలితో రాచి వెంట్రుకలు ఏ వైపునకు వాలుచున్నవో గుర్తింపవలెను. చెంపలపై సాధారణముగా క్రిందికి వాలును. మెడపై ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా ఉండును. మొదటి నెలలో వెంట్రుకలు వాలిన దిశలోనే గీయవలెను. ఎదురు గీచినచో నున్నగా వచ్చును గాని, తెగిన కొస చర్మము లోపలికి పోయి పొక్కు కట్టవచ్చును.

రేజరు మూతను చెంపకు ఆనించి, పిడిని నేలకు సమాంతరముగా పట్టుకొనవలెను. ఆ స్థితిలో బ్లేడు చర్మమును తాకదు. పిడిని మెల్లగా క్రిందికి దించుచు వచ్చినచో, వాదర వెంట్రుకను తాకిన సవ్వడి వినవచ్చును. అప్పుడు బ్లేడునకును చర్మమునకును నడుమ సుమారు 30 డిగ్రీల కోణము ఏర్పడును. ఆ కోణమును విడువక, రెండవ చేతితో చర్మమును బిగలాగి, రెండంగుళముల చిన్న గీతలుగా గీయవలెను. నురుగు పోయినచోట మరల గీయరాదు. ముందు నురుగు పూయవలెను. అక్కడక్కడ కొంత మిగిలినను తొలిదినములలో లెక్క చేయవలదు. మొటిమలున్న చోట రేజరు పోనీయరాదు. చీము పట్టిన పొక్కులున్నచో మానివేసి వైద్యునికి చూపవలెను.

ఇతరుల బ్లేడు

తండ్రిగారి రేజరును, హాస్టలులో స్నేహితుని రేజరును వాడరాదని చెప్పుటకు మర్యాద ఒక్కటే కారణము కాదు. కంటికి కనిపించని నెత్తుటి జాడ బ్లేడుమీద ఉండవచ్చును. కాలేయమును చెరచు హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల, ఎండిన నెత్తుటి మరకలో సయితము, కనీసము 7 దినములు బ్రతికియుండగలదు. హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. వైరసులును నెత్తురు ద్వారా వ్యాపించునవే. తండ్రీకొడుకుల నడుమనైనను బ్లేడు పొత్తు కూడదు.

సెలూనులలో నేడు పెక్కుచోట్ల రెండంచుల బ్లేడును సగమునకు విరిచి పిడికి తగిలింతురు. ఆ సగము మనకొరకు క్రొత్తగా విప్పినదేనా అని చూచుకొనవలెను. క్రొత్తది వేయుమని మర్యాదగా అడుగుటలో తప్పులేదు. పనిచేయు వారికిని అది రక్షణయే. ఇంద్రకీలాద్రివంటి పుణ్యక్షేత్రములలో తలనీలాలు సమర్పించునప్పుడును ఈ జాగ్రత్త అవసరము.

పటిక సంగతియు ఇట్టిదే. కృష్ణకు వరద వచ్చినప్పుడు బురదనీటిని తేర్చుటకు ఇండ్లలో పటిక కలిపెడివారు. పటికలోని అల్యూమినియము సన్నని మట్టి రేణువులను ఒకటిగా కూర్చి అడుగునకు దించును. గడ్డము గీచిన పిమ్మట తడి ముఖముపై రాచినచో, అదే అల్యూమినియము చిన్న గాటులోని ప్రోటీనులను గడ్డకట్టించి నెత్తురును ఆపును. చవకయైనది, మంచిది. కాని పటిక ముక్క కూడ ఎవరిది వారికే ఉండవలెను.

పాత బ్లేడును విసరివేయుట మరియొక ప్రమాదము. చెత్తను చేతులతో వేరుచేయు పారిశుద్ధ్య కార్మికుని వ్రేలు తెగును; కుప్పలో మేయు ఆవు నోట పడును. ఒక రేకు డబ్బా మూతకు సన్నని చీలిక చేసి, పాత బ్లేడులను దానిలో వేయుచుండవలెను. డబ్బా నిండుటకు ఏండ్లు పట్టును. నిండిన పిమ్మట చీలికను మూసివేసి, పైన “బ్లేడులు” అని వ్రాసి, చెత్త తీసికొనువారి చేతికి చెప్పి ఇయ్యవలెను.

కొనవలసినవి, చేయదగిన ప్రయోగము

ఇక బీసెంటు రోడ్డుకో, మీ ఊరి దుకాణమునకో వెళ్ళునప్పుడు జాబితా చిన్నదే: తిన్నని కడ్డీ గల మూడు భాగముల రేజరు ఒకటి, రెండు రకముల బ్లేడుల చిన్న పాకెట్లు, కృత్రిమపు పోగుల బ్రష్షు, ఒక క్రీము, ఒక పటిక ముక్క. మగ్గు ఇంట ఉన్నదే చాలును. సుగంధద్రవ్యములును, నిలువు స్టాండులును, తోలుపెట్టెలును తరువాత చూచుకొనవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. బ్లేడులు తరగతికి తేనక్కరలేకయే ఈ పాఠమును ప్రయోగముగా చూపవచ్చును. విద్యార్థులు తమతమ ఊళ్ళనుండి నీరు తెత్తురు గాక: ఒకరు కాలువ నీరు, ఒకరు బోరు నీరు, ఒకరు మంచినీళ్ళ చెరువు నీరు, దొరికినచో వాననీరు. ఒకే రకపు సీసాలలో సమానముగా పోసి, ప్రతి దానిలో పది చుక్కల సబ్బు ద్రావణము వేసి, ఇరువదిసార్లు కుదుపవలెను. స్నానపు సబ్బును తురిమి చేసిన ద్రావణము కావలెను. షాంపూలు పనికిరావు, అవి కఠినజలములోను నురుగునిచ్చును. నురుగు ఎత్తును వెంటనే ఒకసారి, ఐదు నిమిషముల తరువాత ఒకసారి స్కేలుతో కొలిచి పట్టిక వ్రాయవలెను. బోరు నీటిని మరిగించి చల్లార్చి, తేరిన నీటితో మరల కొలిచినచో, ఏ ఊరి నీటిలో మరిగించినను పోని కాఠిన్యము, ఉప్పు ఉన్నవో కూడ తెలియును.

ఆ పట్టికను చూచిన విద్యార్థి, సెలవులలో ఇంటికి వెళ్ళి అద్దము ముందు నిలిచినప్పుడు రేజరును నిందింపడు. త్రాగునీటి బిందెనుండి ఒక గ్లాసు నీరు తెచ్చుకొని పని మొదలుపెట్టును.